కొసన కోసిన తీగ

ఫ్యాక్టరీలో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనక భూతద్దం అనేవారు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, సొంత అక్క మొగుడే. పదకొండేళ్ళ కిందట తనే ఆమెను నాణ్యత విభాగంలో చేర్పించాడు. మందం కొలిచే మైక్రోమీటరు ఎలా పట్టుకోవాలో నేర్పాడు. మూడో నెలలోనే ఆమె అతని పనిలోనే తప్పు పట్టేసరికి, "నాకు దొరికింది మరదలు కాదురా బాబూ, భూతద్దం" అని క్యాంటీన్‌లో పదిమంది ముందూ పగలబడి నవ్వాడు. పేరు అలా అతుక్కుపోయింది. ఆమెకూ లోలోపల అది ఇష్టమే. ఎవరినీ ఊరికే నమ్మకపోవడం కూడా ఒక గుణమని, దానికి జీతం కూడా ఇస్తారని తెలిశాక ఎవరికి చేదు?

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఉక్కు తీగ. అగ్గిపుల్ల కంటే కాస్త లావు, అంతే. కానీ ఒక్కో చుట్ట ఇరవై వేల అడుగుల పొడుగు, మధ్యలో ఒక్క అతుకు ఉండకూడదు. చమురు బావి లోపల ఏదైనా మొరాయించిందంటే ఈ తీగ చివర పనిముట్టు కట్టి మైలు, రెండు మైళ్ళ లోతుకు దింపుతారు. పైనుంచి వించ్ యంత్రంతో గుంజి వదిలి, గుంజి వదిలి, లోపల ఇరుక్కున్నదాన్ని సుత్తితో కొట్టినట్టు కొడతారు. తీగ లోపల తెగితే పనిముట్టు బావి పాలు. పైన తెగితే ఆ కొస కొరడాలాగా వెనక్కి వస్తుంది, దారిలో మనిషి ఉన్నాడా లేడా అన్నది దానికి పట్టదు.

నాలుగు నెలల్లో ఒకే చమురు కంపెనీ నుంచి మూడు ఫిర్యాదులు వచ్చాయి. మొదటి రెండు చుట్టలూ తెగితే పనిముట్లు పోయాయి. మూడోది తెగినప్పుడు బావి మూతి దగ్గర నిలబడ్డ మనిషికి ఎడమ కన్ను పోయింది.

మీ తీగ నాసిరకమని వాళ్ళు రాశారు. మీ పనివాళ్ళకి తీగ వాడటం రాదని ఫ్యాక్టరీవాళ్ళు జవాబు రాశారు. ఇక తేల్చాల్సింది భూతద్దం. నివేదికలో "కారణం" అని ఒక గడి ఖాళీగా ఉంది. అందులో పట్టే పేర్లు రెండే. ఒకటి ఆ రోజు వించ్ నడిపిన ఆపరేటర్‌ది. రెండోది ఆ మూడు చుట్టలూ మంచివేనని సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టిన మనిషిది. ఆ మనిషి బావ. ఎవరి పేరు రాస్తే వాళ్ళ ఉద్యోగం అక్కడితో సరి.

"తప్పు వాళ్ళదేనని నాకు ముందే తెలుసు," అన్నాడు మేనేజరు. "వెళ్ళి చూసినట్టు చూసి, రాసుకొచ్చెయ్."

బయల్దేరే రోజు పొద్దున అక్క బస్టాండు దాకా వచ్చింది. క్యారేజీ చేతికిచ్చి, "మీ బావకి ఈ పని తప్ప ఇంకోటి రాదే," అంది. అక్క ఏమీ అడగకపోవడం భూతద్దానికి నచ్చలేదు. అడిగేసి ఉంటే కోప్పడి అయినా బస్సెక్కేది.

బావి దగ్గర క్యాంపు అంటే నాలుగు రేకుల గదులు, ఒక డీజిల్ జనరేటరు, నెత్తిన ఎండ. వించ్ ఆపరేటర్‌కి యాభై దాటి ఉంటాయి. పనిలోంచి తప్పించి స్టోరు గదిలో కూర్చోబెట్టారు. ఆమెను చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"టీ తాగండి మేడమ్."

"తర్వాత."

టీ ఇస్తున్నాడంటే ఏదో దాస్తున్నాడు అనుకుంది. ఇవ్వకపోయుంటే పొగరు అనుకునేది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం బస్సు దిగాక ఎక్కిన జీపులో ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

ఈ తీగతో పనిచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. ప్రతి పని అయ్యాక పనిముట్టు కట్టిన వైపు నుంచి యాభై అడుగులు కోసి పారెయ్యాలి. కొట్టీ కొట్టీ అలసిపోయేది ఆ భాగమే. బద్ధకస్తులు కొయ్యరు, కోసినట్టు పుస్తకంలో మాత్రం రాసేస్తారు. ఇతను అదే చేసుంటాడని ఆమె ఇంటి దగ్గరే తీర్మానించేసుకుంది. పుస్తకం తెరిచింది. ముప్ఫై ఒక్క పనులు, ముప్ఫై ఒక్క కోతలు, అన్నీ ఒకే నీలి సిరా.

"అన్నీ ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయే?"

"ఉన్నది ఒకటే పెన్నండి."

"మరి కోసిన ముక్కలేవీ?"

"వాటి కింద నుంచే కదా మేడమ్ తల వంచుకుని వచ్చారు."

బయటికొచ్చి చూసింది. రెండు గదుల మధ్య బట్టలు ఆరేసిన తీగ అదే. కూరగాయల మడి చుట్టూ కంచె అదే. బకెట్ల పిడులు, కిటికీల గొళ్ళేలు, రేకులు ఎగిరిపోకుండా కట్టిన కట్లు, అన్నీ అవే. క్యాంపు మొత్తం వీళ్ళ ఫ్యాక్టరీ తీగ మీదే వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నం క్యాంపు జనానికి ఎక్కడలేని కాలక్షేపం దొరికింది. నాణ్యత తేల్చడానికి వచ్చిన మేడమ్ టేపు పట్టుకుని తడి లుంగీల మధ్య తిరుగుతూ బట్టల తీగలు కొలుస్తుంటే, వంటాయన గరిటె పట్టుకునే బయటికొచ్చి చూశాడు. "ఆ చొక్కా నాది మేడమ్, అది కూడా కొలవండి," అని ఎవరో అన్నారు. ఆమె నవ్వలేదు. పదిహేను వందల యాభై అడుగులు ఉండాలి, పద్నాలుగు వందల ఎనభై తేలింది.

"డెబ్భై అడుగులు తక్కువొచ్చింది," అంది, ఇప్పుడు దొరికావ్ అన్నట్టు.

"పక్క క్యాంపు వాళ్ళు పట్టుకుపోయారండి. కావాలంటే వెళ్ళి కొలుద్దాం," అన్నాడు. గొంతులో వెటకారం లేదు, అందుకే ఆమెకు ఇంకా చిరాకేసింది.

తర్వాత తెగిన ముక్కని చూసింది. మితిమీరి గుంజితే ఉక్కు ముందు సాగుతుంది, సన్నబడుతుంది, అప్పుడు తెగుతుంది. ఇది సన్నబడలేదు. ముల్లంగిని విరిచినట్టు పుటుక్కున విరిగింది. తీగ పెళుసెక్కింది. కొన్ని బావుల్లో విషవాయువు ఉంటుంది, అది తగిలితే మంచి ఉక్కు కూడా ఇలాగే అవుతుంది. భూతద్దానికి ప్రాణం లేచొచ్చింది. బావి గ్యాసు రిపోర్టు అడిగింది. పాతవి, కొత్తవి ఆరు రిపోర్టులు తెచ్చి ముందు పెట్టాడు. ఒక్కదాంట్లోనూ ఆ వాయువు లేదు. అయ్యో అనుకుంది. ఒక బావిలో విషం లేదని తెలిసి అయ్యో అనుకోవడం ఏమిటో ఆమెకే సిగ్గేసింది.

అప్పుడు ఆపరేటర్ మెల్లగా నోరు విప్పాడు. "కన్ను పోయినతను నా తోడల్లుడండి. మా ఆవిడ చెల్లెలి మొగుడు. నేనే తెచ్చి ఇక్కడ పనిలో పెట్టాను. మీ బావ అడ్డదిడ్డంగా గుంజాడు, అందుకే తెగిందని ఎవరో మా మరదలికి చెప్పారట. ఆసుపత్రికి వెళ్తే నా మొహం మీదే తలుపేసింది. చిన్నప్పుడు నేను ఎత్తుకు తిప్పిన పిల్ల. తీగదా, నాదా, ఒక్క ముక్క తేల్చండి మేడమ్. నాదే అయితే నాదే. ఏదీ తెలియకుండా అన్నం దిగడం లేదు."

ఇది నాటకం అయ్యుండొచ్చు అనుకుంది. అనుకోవడానికి గట్టిగా ప్రయత్నించింది.

"పోనీ మా మాట నమ్మరు సరే, మీ పొడుగు సంగతైనా చూడండి," అన్నాడు జీపు దాకా వచ్చి. "ఇరవై వేల అడుగులని చీటీ అంటిస్తారు. మేం వించ్ డ్రమ్ముకి ఎక్కించేటప్పుడు కొలత చక్రం తిరుగుతుంది కదా, ఈ మధ్య వచ్చిన ఐదు చుట్టలు పొట్టిగా తేలాయి. రెండుసార్లు రాశాను."

ఆ ఉత్తరాలు ఆమెకు గుర్తున్నాయి. ఇరవై వేల అడుగుల్లో ఏ వందో తగ్గితే ఉత్తరం రాసే మనుషులు కూడా ఉంటారా అని నవ్వుకుని చిల్లర ఫిర్యాదుల ఫైల్లో పడేసింది. ఇప్పుడు అతను ఇచ్చిన కాగితం తీసుకుంది. అరవై, తొంభై, నూట యాభై, నూట ఎనభై, రెండు వందల డెబ్భై. తెగినవి చివరి మూడూ. కన్ను తీసింది రెండు వందల డెబ్భై అడుగులు తగ్గిన చుట్ట.

జీపు కంకర దారి దాటి తారు రోడ్డెక్కేసరికి ఇంకో సంగతి కనిపించింది. అన్నీ ముప్ఫైల లెక్క. ముప్ఫై అడుగులు అంటే ఐదు బారలు. ఫ్యాక్టరీలో ఏ మిషనూ ముప్ఫై అడుగులు కొలవదు. చేతులు బార్లా చాపి, ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతూ, ఐదో బార దగ్గర తీగ కోసే మనిషి ఒక్కడే ఉన్నాడు, బావ.

అక్క పెరట్లో చిక్కుడు పందిరి గుర్తొచ్చింది. అదీ ఫ్యాక్టరీ తీగే. డాబా మీద బట్టల తీగ, గేటుకి కట్టిన కట్టు, అవీ తీగే. ఇన్నేళ్ళూ ఆ తీగ కింద నుంచే తల వంచుకుని లోపలికి వెళ్ళి అన్నం తినొచ్చింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సంతకం పెట్టే చేత్తోనే కోసుకుపోతున్నాడా? కోసుకుపోయినంత మాత్రాన మిగిలిన తీగ పెళుసెక్కదు కదా? పెళుసుదని తెలిసే ఏదో కప్పిపుచ్చుతున్నాడా? దారి పొడుగునా బావని ఒక్కో రకం దొంగగా ఊహించుకుంటూ వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలుసు. అయినా చించుకుంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పరీక్ష గదికి వెళ్ళింది. కడ్డీని సాగదీసి తీగ లాగే షెడ్డు వెనకాల చిన్న గది. బల్ల మీద ట్విస్ట్ మిషను, పక్కన స్క్రాప్ డబ్బా, గోడకి కొక్కెం మీద తీగ కోసే కత్తెర. జానెడు ముక్కని మిషనులో రెండు వైపులా బిగించి ఒక వైపు తిప్పుతారు. ఇరవై మూడు మెలికలు తిరిగినా తెగకపోతే ఆ తీగ మంచిది. మధ్యలోనే తెగితే కాదు.

"ఏం భూతద్దం, దొంగ దొరికాడా?" అన్నాడు బావ కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆమె అతని భుజాల వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారు కదా, ఇతను తడుముకుంటాడేమోనని. బావ కళ్ళజోడు పెట్టుకుని హాయిగా నవ్వాడు.

"ఇవాళ వచ్చిన చుట్ట ఒకటి నా ఎదురుగా పరీక్ష చెయ్యి బావా."

"ఓహో, పరీక్షలు పెట్టేవాడికే పరీక్షా! కానియ్."

కొస కోసి మిషనులో బిగించాడు, తిప్పాడు. తొమ్మిదో మెలికకి టప్పుమంది. ఇప్పుడు తడబడతాడు, ఇప్పుడు నా వైపు చూస్తాడు అని ఆమె కాచుకుంది. బావ ఆమె వైపు చూడనే లేదు. ముక్కని డబ్బాలో పడేసి, చుట్ట దగ్గరికి వెళ్ళి, చేతులు బార్లా చాపి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని కొలిచి కోశాడు. మళ్ళీ బిగించాడు. పన్నెండు. మళ్ళీ ఐదు బారలు. పదిహేడు. మళ్ళీ ఐదు బారలు. ఈసారి మిషను తిరుగుతూనే ఉంది, ఇరవై ఐదు దాకా వెళ్ళింది.

"చూశావా, బంగారం లాంటి తీగ," అన్నాడు. ఫారం తీసి 25 అని రాసి సంతకం పెట్టాడు.

"మరి ఆ మూడూ?"

"ఏ మూడు?"

"తొమ్మిది, పన్నెండు, పదిహేడు."

"అవి కొసలే పిల్లా!" అన్నాడు, అ ఆలు మర్చిపోయిన పిల్లని చూసినట్టు చూస్తూ. "మా గురువు నాకు మొదటి రోజు చెప్పిన మాట అదే. కొస మాట నమ్మకు, లోపలి తీగని అడుగు అన్నాడు. తీగ లాగడం మొదలుపెట్టేటప్పుడు లాగే మిషను దవడలు కొసని నలిపేస్తాయి. ఆ నలిగిన ముక్కని చూసి మొత్తం చుట్టని పారేస్తామా? పాపం కదూ. పాసయ్యేదాకా కోసుకుంటూ వెళ్ళాలి. పాసయిందే తీగ."

"ఫెయిలయినవి ఎక్కడా రాయవా?"

"ఎక్కడ రాయను? ఫారంలో ఉన్నది ఒకటే గడి."

ఆ ఫారం గీసింది భూతద్దమే. ఆరేళ్ళ కిందట పాత ఫారంలో నాలుగు గడులు ఉండేవి, ఎప్పుడూ మూడు ఖాళీగా ఉంటాయని తీసేసింది. పని తేలికైందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. తిలాపాపం తలా పిడికెడు. ఈ పిడికెడు ఇంతకాలం తన గుప్పిట్లోనే ఉందన్నమాట.

ఆపరేటర్ ఇచ్చిన కాగితం తీసి బావ ముందు పెట్టింది. ఏ చుట్ట ఎంత పొట్టిగా వచ్చిందో, ఏవి తెగాయో చూపించింది. బావ చదివాడు. ఒకసారి ముప్ఫైతో భాగించుకున్నట్టు పెదాలు కదిలాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మళ్ళీ చదివాడు.

"నేను చేరిన కొత్తల్లో ఒక్క కోత సరిపోయేది," అన్నాడు. "పోయినేడు దాకా ఒకటి, మరీ ఎక్కువైతే రెండు. ఈమధ్యే నాలుగు, ఐదు. స్క్రాపు డబ్బా తొందరగా నిండుతోందని విసుక్కున్నాను కూడా. దవడలు నలిపేది రెండు అడుగులే కదా. నూటయాభై అడుగుల లోపల కొసేమిటి?"

జవాబు అతనే వెతుక్కున్నాడు. లేచి షెడ్డులోకి నడిచాడు, ఆమె వెనకాల వెళ్ళింది. తీగ లాగేటప్పుడు మంటెత్తిపోతుంది, దాన్ని చల్లార్చడానికి నీళ్ళ పైపు ఉంటుంది. చల్లారని తీగ అక్కడక్కడా పెళుసెక్కుతుంది. బావ చివరి పైపు కింద అరచెయ్యి పెట్టాడు. లోపల గార కట్టి ధార దారమంత వస్తోంది. చేతిలో నీళ్ళు నిండేదాకా అలాగే నిలబడ్డాడు.

"తీగ చెబుతూనే ఉంది," అన్నాడు. "నేనే నోరు కోస్తూ వచ్చాను."

ఆమెకు ఏడుపొచ్చింది. పైపు గార కట్టింది, మెయింటెనెన్స్ వాళ్ళు చూసుకోలేదు అని ఒక్క ముక్క రాసేస్తే నివేదిక అయిపోతుంది. అందులో అబద్ధం కూడా లేదు. ఆ మాట ఆమె నోటి దాకా వచ్చింది. బావ ఆమె మొహం చూసి ఏం తెలుసుకున్నాడో గాని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ, "పద, రాసుకో," అన్నాడు.

గదిలోకొచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టల నంబర్లు, తేదీలు, ఏ చుట్టకి ఎన్ని కోతలు, ఏ కోత ఎన్నో మెలికకి తెగింది. ఎక్కడా రాయని లెక్కలన్నీ అతని బుర్రలో ఉన్నాయి. ఆమె రాస్తూ పోయింది. ఇంకా బావుల మీదికి వెళ్ళని రెండు చుట్టల నంబర్లు వచ్చినప్పుడు ఆగి, "వీటిని ముందు వెనక్కి తెప్పించు, ఇవాళే," అన్నాడు.

"కన్ను పోయిన చుట్టకి తొమ్మిది కోతలు," అన్నాడు చివర్న. "ఆ రోజు చేతులు నొప్పెట్టాయి. తొమ్మిదోది పాసయ్యేసరికి ఎంత సంతోషమేసిందో తెలుసా. మీ అక్కకి చెప్పాను కూడా, ఇవాళ ఒక మొండి చుట్టని గట్టెక్కించానని."

బయల్దేరిన రోజు నుంచీ ఆమె ఒక దొంగ కోసం సిద్ధపడి ఉంది. దొంగైతే అరిచేది, అసహ్యించుకునేది, ఆ కోపంలో పేరు రాసేసేది. ఈ మనిషిని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. కారణం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. బావ పెన్ను తీసుకుని తన పేరు తనే రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. దాని కింద ఫారం సంగతి, తన పేరు ఆమె రాసింది.

"మీ అక్కకి నేనే చెప్తాను. నువ్వు తొందరపడకు," అన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని ఆపరేటర్‌కి ఫోన్ చేసింది.

"తీగదేనండి," అంది. "మీరు చేసిన తప్పేమీ లేదు."

"మేడమ్, నేను ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. ఈ మాట నేను చెబితే మా మరదలు నమ్మదు. కాస్త మీ నోటితో చెప్పండి," అన్నాడు. చెప్పుల చప్పుడు, తలుపు కొట్టిన చప్పుడు, ఏదో గుసగుస. ఆపైన ఒక ఆడగొంతు వచ్చింది, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"ఎవరండీ మీరు? నిజం చెప్తారా? మా ఆయన కన్ను పోయింది మా బావ వల్ల కాదా?"

"కాదమ్మా," అంది ఆమె. బల్లకి అవతల బావ తలెత్తి చూస్తున్నాడు. అతని మొహం చూస్తూనే చెప్పింది. "మీ బావ తప్పేం లేదు. తప్పు మా బావదీ, నాదీ."